గట్టు కింది వేపమొక్క

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టగలిగిన మొనగాడు మా ఇంట్లో లేడు. కాలు కాలిన పిల్లిలా ఇంటికీ చేపల చెరువు గట్టుకీ మధ్య రోజుకు పదిసార్లు తిరిగేదాన్ని. మాది కొల్లేటి ఒడ్డున ఊరు. మా నాన్న ఆ చెరువుల మీదే పనిచేసేవారు. రెండువేల మూడో నాలుగో, ఏడాది సరిగ్గా గుర్తులేదు కానీ, నేను ఐదో తరగతిలోకి వెళ్లబోతున్న వేసవి అది.

అంతకు రెండేళ్ల ముందు వానల్లో మా బడి మాస్టారు మా అందరి చేతా గట్టు వాలున వేపమొక్కలు నాటించారు. ఒక్కో మొక్కకూ ఒక్కొక్కరి పేరు. ముందొచ్చినవాళ్లకు పైన గోతులు దక్కాయి. కొంగల్ని తరుముతూ ఆలస్యంగా చేరిన నాకు అన్నిటికంటే కింద, తుంగ పక్కన ఉన్న గొయ్యి మిగిలింది. రెండేళ్లు తిరిగేసరికి పైవాళ్ల చెట్లు నా తలను దాటిపోయాయి. నాది నా మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఎదగని మొక్కలు పీకేసి, బడి తెరిచిన రోజున వాటికి బదులు కొత్తవి పెట్టిస్తానని మాస్టారు సెలవుల ముందే చెప్పేశారు. అప్పటి నుంచీ నాకు అన్నం సయించలేదు. నా పేరున్న మొక్కను పీకితే నన్నే బడిలోంచి పీకేసినట్టు ఉంటుందనిపించింది.

పూటకోసారి స్కేలు పెట్టి కొలిచేదాన్ని. వేరు దిగిందో లేదో చూద్దామని మొక్క మొదలు దగ్గర మట్టి గోకాను కూడా. చివరికి నాకు తెలిసిన ఒకే ఒక వైద్యం చేశాను. మా చెరువుల్లో చేపలకు మేత పెట్టాలంటే సంచిలో తవుడు నింపి, చిల్లులు పొడిచి, నీళ్లలో పాతిన గెడకు కడతారు. చేపలు ఆ చిల్లుల దగ్గర మూగి తింటాయి. చేప బలిసినప్పుడు మొక్క మాత్రం ఎందుకు బలవదు? నాన్న చూడకుండా చిన్న సంచిలో తవుడు తెచ్చి, చిల్లులు పొడిచి, మొక్క పక్కనే కర్ర పాతి కట్టాను. మర్నాడు పొద్దున్న వెళ్లి చూస్తే మేకలు తవుడంతా తినేసి, అదే ఊపులో నా వేప తల కూడా కొరికేసి పోయాయి. మోకాలెత్తు మొక్క జానెడైంది. బడి తెరవడానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

ఆ రోజే మా తాతయ్య వచ్చారు. అమ్మకు నాన్న. తాడేపల్లిగూడెం వైపు ఊరు, మిలటరీలో చేసి రిటైరయినవారు. నేను వెక్కుతూ చెప్పిందంతా విన్నారు.

“పోన్లే అమ్మడూ, మేకల్ని పస్తయితే ఉంచలేదు కదా,” అన్నారు మీసం చాటున నవ్వుకుంటూ.

తరవాత, ఎప్పుడూ సంచిలో తనతోనే తిప్పుకునే ఒక చెక్కబిళ్ల తీశారు. నా మణికట్టు లావు చెట్టును అడ్డంగా కోసిన ముక్క అది. ఒక్కో గీత ఒక్కో ఏడాది పెరుగుదలని చెప్పి, పేపరు చదువుకునే భూతద్దం, ఒక గుండుసూది ఇచ్చి గీతలన్నీ లెక్కపెట్టమన్నారు. లెక్క తేలితేనే మొక్క సంగతి మాట్లాడతారట. దారం కంటే సన్నటి గీతలు. ముప్పై దాటగానే ఈగ వాలేది, నలభై దాటగానే అమ్మ పిలిచేది, మళ్లీ మొదటికి. ఎన్నిసార్లు విసిరికొడదామనుకున్నానో. నా బతుకులో ఒక మధ్యాహ్నమంతా కదలకుండా కూర్చోవడం అదే మొదలు.

“తొంభై దాటాయి తాతయ్యా. ఇంకా ఉన్నాయండీ,” అన్నాను.

అప్పుడు చెప్పారు. మంచుకొండల్లో పైకి ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివైపోతాయట. ఒకచోట గీత గీసినట్టు ఆగిపోతాయట. అక్కడ ఏడాదికి రెండు మూడు నెలలే చెట్టు ఎదగగలిగేది. మిగతా కాలమంతా చలి, తల ఎత్తనివ్వని గాలి. మిలటరీలో ఉండగా అక్కడ ఒక ఉదయం టీ కాచుకోవడానికి నడుమెత్తు పొద ఒకటి కొట్టారు తాతయ్య. కొట్టాక మొదలు చూస్తే పొద కాదు, చెట్టు. ఈ బిళ్ల దానిదే.

“మా నాన్న పుట్టకముందే మొలిచిందమ్మా అది. గ్లాసుడు టీ కోసం నరికేశాను,” అన్నారు. తాతయ్య కళ్లు తడవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

కాసేపటికి గునపం పట్టుకుని గట్టుకు వచ్చారు. పైన తవ్వితే మూరెడు లోతున కూడా పొడిమట్టే. నా మొక్క పక్కన జానెడు తవ్వగానే నీరు ఊరింది. వేలితో ముట్టి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉంది.

“అక్కడ చలి, ఇక్కడ నీళ్లు. ఆ కొండకి గీత పైనుంటే మన కొల్లేటికి కిందుంది. నీ మొక్క సరిగ్గా ఆ గీత మీద నిలబడిందమ్మా,” అన్నారు.

అప్పుడు కళ్లెత్తి చూశాను. గట్టు మీది నుంచి కిందికి చెట్లు వరసగా పొట్టివవుతూ వచ్చి, నా దానితో ఆగిపోయాయి. ఆ తరవాత అంతా తుంగే. రోజుకు పదిసార్లు ఆ దారినే పరుగెత్తిన నాకు అది ఒక్కసారీ కనబడలేదు.

బడి తెరిచిన రోజు మాస్టారు నా మొక్క మీద చెయ్యి వేశారు. తాతయ్య దూరంగా రోడ్డు మీదే నిలబడి చూస్తున్నారు. ఇక నేనే నోరు తెరిచాను.

“పీకేముందు పక్కన గొయ్యి తవ్వి చూడండి మాస్టారండీ.”

పిల్లలంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. తవ్వారు. ఊరుతున్న నీటిని కాసేపు చూసి, మొక్కను మట్టిగడ్డతో సహా జాగ్రత్తగా లేపారు. కిందికి దిగడానికి దారిలేక వేళ్లన్నీ పళ్లెంలా పక్కలకు పాకి ఉన్నాయి.

“ఇది ఊరికే కూర్చోలేదర్రా పాపం,” అన్నారు. దాన్ని గట్టు పైన పెట్టించారు. అది బతికింది. మేకలు కొరికిన చోట రెండుగా చీలి, ఇప్పుడు నలుగురికి నీడనిస్తోంది.

తాతయ్య పోయాక ఆ బిళ్ల నాకు వచ్చింది. లెక్క మాత్రం ఇప్పటికీ ముగించలేదు. ఏలూరులో టీచరుగా చేస్తున్నాను, ముప్పై దాటాయి, కాలు ఇంకా నిలవదు. మొన్న స్టాఫ్‌రూములో ఒక పిల్ల గురించి, “అది ఎదగదండీ, వదిలేయండి,” అన్నారు ఎవరో. నాకు నాలుక మీద ఉప్పు తగిలింది. ఆ సాయంత్రమే చెప్పులేసుకుని, దారి అడుగుతూ అడుగుతూ ఆ పిల్ల ఇంటికి వెళ్లాను.