మంచి శుక్రవారం నాడు అవ్వ తాగిన నీళ్లు

మా చిన్నప్పుడు మంచి శుక్రవారం అంటే... మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా గుడిలో కూర్చోవడమే. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో చర్చిని గుడి అనే అనేవాళ్లం. పైన నాపబండల కప్పు, బయట ఏప్రిల్ ఎండ... లోపల పెనం మీద రొట్టెల్లా కాలిపోయేవాళ్లం.

ఆ రోజు పెద్దవాళ్లు పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. అందరిలోకీ గట్టిది మా అవ్వ, అంటే నాన్న వాళ్లమ్మ. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడు కూడా తప్పలేదని ఊరంతా చెప్పుకునేది. ఎవరూ చెప్పకపోతే తనే చెప్పుకునేది!

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఏడు నేనూ ఉపవాసం ఉంటానని పంతం పట్టాను. పొద్దున మొహం కడుక్కుంటూ ఒక గుక్క మింగిన మాట నిజమే... అది లెక్కలోకి రాదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను.

అమ్మ ఒడిలో నెలన్నర తమ్ముడు. పచ్చి బాలింత. అయినా అత్తగారు ముట్టని నీళ్లు తనెలా ముడుతుంది?

పాస్టరు అయ్యగారు యేసయ్య సిలువ మీద పలికిన ఏడు మాటలూ ఒక్కొక్కటే వివరిస్తున్నారు. రెండో మాటకే తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. అమ్మ కొంగు కప్పి పాలిచ్చింది. నాలుగు చప్పరింపులు చప్పరించి మళ్లీ గుక్కపట్టాడు. పాలు రావడం లేదు... అమ్మ పెదాలు ఎండిపోయాయి, గోడకు తల ఆనించింది. నాకు భయమేసింది.

"అమ్మా, నీళ్లు తెస్తా" అన్నాను చెవిలో.

"ఊరుకో... అవ్వ చూస్తాండాది."

అవ్వ నిజంగానే చూస్తోంది. అయ్యగారు ఐదో మాటకు వచ్చారు, యేసయ్య దాహమవుతోందన్న మాట. అవ్వ లేచింది. ఆడవాళ్లందరినీ దాటుకుంటూ వెళ్లి, వాకిలి దగ్గరి కుండలో సత్తు చెంబు ముంచి తెచ్చి అమ్మకు అందించింది.

అమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వు తాగకుండా నేనెట్ల తాగేది అత్తా?"

అవ్వ కాసేపు చెంబు వైపే చూసింది. తర్వాత ఎత్తి, అందరి ముందూ సగం చెంబు గటగటా తాగేసింది!

"ఆ... నేను తాగినా. ఇంగ నువ్వు తాగుమ్మే. దేవుడు అడిగితే నేను జెప్పుకుంటాలే."

అమ్మ ఏడుస్తూనే చెంబు ఖాళీ చేసింది. అయ్యగారు ప్రసంగం ఆపి, "ఇంగా ఎవరికన్నా కావాల్నా?" అని అడిగారు. మొదట చెయ్యి చాచింది నేనే... సిగ్గేమీ పడలేదు. ఏడో మాట అయ్యేసరికి తమ్ముడు పాలు తాగి నిద్రపోయాడు.

ఇంటికి వస్తుంటే పక్కింటామె ఊరుకుంటుందా? "ఏమక్కా, ఇన్నేండ్ల ఉపాసం ఒక్క గుక్కతో పాయె గదా!"

"పోతే పోనీలే. పిల్లోడు నిద్రబోతాండాడు, గట్టిగా మాట్లాడాకు" అంది అవ్వ. ఆ క్షణాన మా అవ్వ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో!

ఇప్పుడు నాకు షుగరు. మంచి శుక్రవారం పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని మరీ గుడికి వెళ్తాను. తప్పు చేస్తున్నానని ఏమాత్రం అనిపించదు. హాయిగా ఉంటాను.

గుడిలో ఫ్యాన్లు వచ్చాయి, ఎవరి నీళ్ల సీసా వాళ్ల పక్కనే ఉంటోంది. సంతోషమే... కానీ పక్కమనిషి కోసం తను ముందుగా తాగాల్సిన అవసరం ఇప్పుడెవరికీ రావడం లేదు.

మీ కోసం తన పంతాన్ని అలా వదిలేసుకున్న పెద్దవాళ్లు మీ ఇంట్లో ఎవరు? చెప్పండి... వినాలని ఉంది.