స్కాన్‌కి ముందే సాక్ష్యం

మా వాడు ఆపరేషన్‌తో పుట్టాడు. రెండోసారి కడుపు వస్తే, అది ఉండాల్సిన చోట కాకుండా గర్భసంచి మీది ఆ పాత కుట్టు మచ్చలో నిలిచింది. నా ప్రాణానికే ముప్పని తీసేశారు. మళ్లీ పిల్లలు పుట్టొచ్చని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ మచ్చలోనే నిలిచే భయం కూడా ఉందని, నెల తప్పగానే స్కాన్‌కి రమ్మని హెచ్చరించింది.

అందుకే ఈసారి నెల తప్పినప్పుడు మా ఆయనకి, అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మంగళవారం స్కాన్ అయ్యేదాకా నోరు విప్పనని అమ్మ నా చెయ్యి పట్టుకుని మాటిచ్చింది.

ఆదివారం సీతాఫల్‌మండి చర్చిలో దేవుడు తమకేం చేశాడో అందరి ముందు సాక్ష్యాలు చెప్పే టైమ్‌కి అమ్మ లేచి మైకు అందుకుంది. "మా అమ్మాయికి దేవుడు మళ్లీ గర్భఫలం ఇచ్చాడు" అంది. అందరూ స్తోత్రం అన్నారు. ఆడవాళ్లంతా తిరిగి నా పొట్ట వంక చూశారు. నేను చున్నీ కిందికి లాక్కుని, తల దించుకుని కూర్చున్నాను.

బయటికొచ్చాక అడిగితే, "దేవుడు చేసిన మేలు దాచకూడదే" అంది. అది మేలో కాదో నాకే ఇంకా తెలియదు. దేవుడికి చెప్పుకోవడానికి మైకెందుకు ఆవిడకి?

మంగళవారం డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పింది. మచ్చకి దూరంగా, పైన, ఉండాల్సిన చోటే ఉంది. గుండె కొట్టుకుంటోంది. మా ఆయన ఏడ్చేశాడు.

మెట్లు దిగుతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"ఏమన్నారే?"

"ప్రార్థన చేస్తూ ఉండు" అని పెట్టేశాను.