లూకా కంచం

నేలకొండపల్లి స్తూపం దగ్గర ఊడ్చే ఫిలోమిన రోజూ పొద్దుగూకాక రెండు కంచాల్లో అన్నం పెట్టేది. రెండోది భర్త లూకాది. వెదురు కొట్టడానికి భద్రాచలం అడవికి పోయిన లూకా గోదారిలో కొట్టుకుపోయాడని తోటివాళ్లు చెప్పారు. శవం దొరకలేదు కాబట్టి ఆమె నమ్మలేదు. మూత వేసి ఉంచిన అన్నాన్ని తెల్లారి కోళ్లకు వేసేది. నవంబరులో సమాధుల పండుగకు అందరూ తమవాళ్ల సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఆమె శ్మశానం గేటు దాటేది కాదు.

ఒక ఏడాది జపాన్ నుంచి ఒక ముసలాయన స్తూపం చూడ్డానికి వచ్చి, దిబ్బలా ఉన్న ఆ స్తూపానికి నడుము వంచి దండం పెట్టి, ఏదో చెప్పాడు. వెంట ఉన్న గైడు ఆమెకు వివరించాడు.

"వాళ్ల మొదటి చక్రవర్తి జిమ్ము అంట. అసలు ఉన్నడో లేడో ఎవ్వరికీ తెల్వదంట. అయినా ఒక దిబ్బను ఆయన సమాధి అనుకొని గిట్లనే మొక్కుతరంట."

ఫిలోమిన చీపురు ఆపింది. "లోపల మనిషి లేకున్నా మొక్కుతరా?"

"అవ్, లేకున్నా."

ఆ నవంబరులో ఆమె శ్మశానంలో ఓ మూల మట్టి కుప్పపోసి, కొవ్వొత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టి కూర్చుంది.

మర్నాడు పొద్దున కోళ్లు అలవాటుగా గుమ్మం దగ్గరికి వచ్చాయి. వాటికి వేయడానికి అన్నం లేదు.