బావ వంట, నా కాంటనీస్

ఇది రాసిపెట్టకపోతే అబద్ధమే నిలిచిపోతుంది. నిన్న అక్క ఫోన్ చేసింది. కోరుట్లలో పరాయివాళ్ల టిఫిన్ సెంటర్లో పనిచేస్తున్న బావ ఇప్పటికీ "మా బామ్మర్ది చీనోళ్ల భాష గడగడ మాట్లాడుతడు" అని కనబడినవాళ్లందరికీ చెబుతున్నాడట. ఆ భాష తనను ఏం చేసిందో బావకు తెలియదు.

ఐదేళ్ల కింద సౌదీలోని అల్ ఖోబర్‌లో, అల్ అజీజియా దగ్గరి క్యాంపులో నేను ఏసీ మెకానిక్‌ని, బావ మెస్‌లో వంటమనిషి. నేను పది తప్పినా మా ఊరి లైబ్రరీలో బీరువాలకు బీరువాలే చదివినవాణ్ణి. ఆ గర్వం ఎక్కడికి పోతుంది? క్యాంపు పెద్ద హాంకాంగ్ ఇంజనీరు. అందుకే రిక్రియేషన్ రూములో ఎవరో వదిలిపోయిన, ఆయన భాష కాంటనీస్ నేర్పే పుస్తకం పట్టాను. ఇష్టాయిష్టాల పాఠం నాకు భలే నచ్చింది. 'హో జుంగ్ యీ' అంటే చాలా ఇష్టం. 'మా మా దేయ్' అంటే అంతంతమాత్రం. 'మ్ ఙామ్ హౌ మెయ్' అంటే నా నోటికి రుచించలేదు. బావ ఉల్లిగడ్డలు కోస్తూ నాచేత పాఠం అప్పజెప్పించుకునేవాడు. "ముక్కుల కెళ్లి వస్తున్నయా బామ్మర్దీ, గీ మాటలు?" అని నవ్వేవాడు.

ఇద్దరు వంటవాళ్లలో ఒకరిని ఇంటికి పంపుతారని అప్పటికే అందరికీ తెలుసు. "ఇంకో రెండేండ్లుంటే ఇంటికి స్లాబ్ పడుతది" అని బావ రోజూ అనేవాడు. ఒక మధ్యాహ్నం ఇంజనీరు నా పక్కన కూర్చుని, బావ వండిన చేపల పులుసు ఎలా ఉందని తన భాషలో అడిగాడు. పులుసు అమృతంలా ఉంది. కానీ 'చాలా ఇష్టం' ఆయన ముందు ఎన్నోసార్లు వాడేశాను. ముందురోజు నేర్చిన మాట నాలుక మీద దురద పెడుతోంది. "మ్ ఙామ్ హౌ మెయ్" అన్నాను, స్వరం తప్పకుండా. ఆయన ఆశ్చర్యపోయి, "మీ బావ వంటే కదా?" అని ఇంగ్లీషులో అడిగాడు. అప్పుడైనా దిద్దుకోవచ్చు. "మా మా దేయ్" అని ఇంకోటి తగిలించాను. ఆయన నా ఉచ్చారణ మెచ్చుకుని భుజం తట్టాడు.

వారంలో బావకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేయడమే. "సొంత మనిషివే బాగాలేదన్నావు, నాకు తేల్చుకోవడం సులువైంది" అని ఇంజనీరు నాకు థాంక్స్ చెప్పాడు. పెట్టె కట్టుకుంటూ బావ అడిగాడు.

"నీకు భాష వస్తది గదా బామ్మర్దీ. నా గురించి ఒక్క మాట చెప్పకపోతివా?"

"చెప్పిన బావా."

పుస్తకం వదిలిపోయిన ఆ ఎవరికో, ఉచ్చారణ మెచ్చిన ఇంజనీరుకు, పాఠం విన్న బావకు నా కృతజ్ఞతలు. ప్రతి శుక్రవారం బావతో ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాను. రోజులు గడిచేకొద్దీ ఆ రోజు నేనన్న మాట బావకు చెప్పడం తేలికవుతుందనుకున్నాను, కాలేదు.