కుట్టు అయ్యాకే నవ్వే అక్క

టీవీలో ఆయన్ని అందరూ నిదానం బాబాయ్ అంటారు. జోకు వేసి, నవ్వులన్నీ సద్దుమణిగాక కూడా ఓ క్షణం కదలకుండా నిలబడి, అప్పుడు గానీ రెండో మాట అందుకోడు. ఆ క్షణంలో గొప్ప కళ ఉందని తెలిసినవాళ్ళంతా తలలూపుతారు. కళా లేదు, గిళా లేదు. ఆయన వాళ్ళక్క నవ్వు కోసం ఆగుతాడు, అంతే.

అక్క బట్టలు కుట్టేది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచి పెద్ద చేసింది ఆ కుట్టుమిషను మీదే. అతను రాసిన ప్రతి జోకూ మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ముందు ఆమెకే వినిపించేవాడు. ఆమెకో పట్టింపు ఉండేది. కుట్టు మధ్యలో నవ్వదు. అంచు చివరిదాకా తొక్కి, దారం పళ్ళతో కొరికి, అప్పుడు మొదలుపెట్టేది. ఇక ఎక్కిళ్ళు వచ్చేదాకా ఆగేది కాదు.

"మధ్యలో నవ్వొచ్చు కదక్కా! ఇక్కడ నా ప్రాణం పోతోంది."

"నీ జోకు ఎక్కడికీ పోదులేరా. చొక్కా చెడిపోతే ఎవడిస్తాడు?"

తన జోకుకి తను నవ్వకూడదన్నది కూడా ఆమె పెట్టిన షరతే. ఆ షరతు ఆయన ఏనాడూ తప్పలేదు.

మొదటి రికార్డింగుకి ఆమె వచ్చి మూడో వరుసలో కూర్చుంది. అలవాటు ఎక్కడికి పోతుంది? చేతిలో కుట్టు లేకపోయినా అందరూ ఆగాకే నవ్వింది, ఎక్కిళ్ళతో సహా. ఆ రోజు నవ్వులన్నీ టేపులో పట్టి, తర్వాత ప్రతి వారం జోకు పడగానే ఎడిటర్ మీట నొక్కి జనం లేని స్టూడియోలో వినిపించేవాడు. నాలుగేళ్ళకి అక్క పోయింది. నవ్వు మాత్రం ఇరవై మూడేళ్ళు డ్యూటీ చేసింది. లైట్ల ముందు నిలబడితే ఆయనకి ఎదురుగా కెమెరాలు కనబడేవి కావు. మధ్యాహ్నపు ఎండ పడిన గది, గచ్చు మీద రంగురంగుల గుడ్డపీలికలు, గిర్రున తిరిగే చక్రం కనబడేవి. చక్రం ఆగేది. ఆమె నవ్వేది.

ఈమధ్య కొత్త ప్రొడ్యూసరమ్మ వచ్చింది. మంచి పిల్లే.

"ఇక నుంచి నిజం జనాన్నే కూర్చోబెడదాం సార్. టేపు తీసేద్దాం. ఆ గ్యాప్ కూడా కాస్త తగ్గించండి, ప్లీజ్."

ఆయన తలూపాడు. ఎడిటర్ టేపుని కవర్లో చుట్టి చేతికిచ్చాడు. "ఇంటికి తీసుకెళ్ళు గురూ. ఎప్పుడు కావాలంటే అప్పుడు విను."

"ఒక్కణ్ణే కూర్చుని వినేదేముంది? నేను జోకు వేస్తేనే కదా అక్క నవ్వాలి!"

ఆ వారమంతా ఆయన కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేకపోయాడు. ఎవరికి వినిపించాలని రాస్తాడు? చివరి రోజున, పోయేదేముందని ఓ పాత జోకు దులిపి తీశాడు.

రికార్డింగు రోజు సీట్లన్నీ నిండాయి. నిదానం బాబాయ్ చంకలో గొడుగుతో, నిలువెల్లా తడిసి వేదిక మీదికి వచ్చాడు. గొడుగు తెరవలేదేమని తోటి నటుడు అడిగాడు.

"నిన్ననే కదయ్యా బాగు చేయించాను! అప్పుడే తడిపేస్తే ఎలా?"

జనం ఘొల్లుమన్నారు. ఆ వెంటనే ఆగారు. ఆయన కూడా ఆగిపోయాడు. ఆగొద్దని ఎంత అనుకున్నా కాళ్ళు మాట వినలేదు. మూడో వరుసలో ఎవరెవరో ఉన్నారు. ఎండ పడిన గదిలో చక్రం తిరుగుతూనే ఉంది. తోటి నటుడు కంగారుగా చూశాడు. ప్రొడ్యూసరమ్మ కానివ్వమని చెయ్యి ఊపింది. చక్రం ఇంకా తిరుగుతోంది. అక్క ఇక నవ్వదని ఆయనకి అప్పుడు తెలిసింది. కళ్ళు చెమర్చాయి.

సరిగ్గా అప్పుడు, అందరికంటే ఆలస్యంగా, స్టూడియోలో ఓ నవ్వు లేచింది. పొట్టలోంచి వచ్చి, ఆగలేక, ఎక్కిళ్ళలోకి దిగిన నవ్వు.

అద్దాల గదిలో ఎడిటర్ ఉలిక్కిపడి మీట వైపు చూశాడు. అక్కడ టేపే లేదు. మళ్ళీ తలెత్తి చూస్తే, వేదిక మీద నిదానం బాబాయ్ ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో పొట్ట పట్టుకుని, జీవితంలో మొదటిసారి తన జోకుకి తనే నవ్వుతున్నాడు.