ఆంతీమ్ ఓరగా పట్టుకున్న ముద్ర

పారిస్ శివార్లలోని పాతసామాన్ల సంతలో, నా లేసుగుడ్డల కొట్టు పక్కనే ముప్పై ఏళ్లు కూర్చున్నాడు ఆంతీమ్ గోబ్లే. ఆపరేషన్ పనిముట్లు చేసే కార్ఖానాలో మెరుగు పెట్టే పనితో మొదలై, చివరికి పాత డాక్టర్ల వెండి సామాను మీద ముద్రలు చదవడమే బతుకు చేసుకున్నాడు. సంతలో ఆయన మాటే వేదం.

విద్య చెప్పడానికి చిన్నదే. చేసినవాడి ముద్ర నిలువుగా సాగిన డైమండు గడిలో ఉంటే అచ్చ వెండి, చతురస్రంలో ఉంటే పూత. అచ్చ వెండికి పక్కనే సర్కారు కొట్టిన మినర్వా దేవత తల కూడా ఉండాలి. అన్నీ నువ్వుగింజంతే. ఆంతీమ్ కళ్లు మసకబారి రెండేళ్లయిందట. నాకేం తెలుసు? నా పాడు నోటికి అసలే తెలియదు.

ఒక శనివారం ఫెర్నాన్ అనే వ్యాపారి, కొనేముందు చూపించుకుందామని ఒక గొట్టం తెచ్చాడు. కంఠవాపుతో ఊపిరాడని పిల్లల మెడకు కోతపెట్టి అమర్చేది. నలుగురూ మూగారు. ఆంతీమ్ గోటితో తడిమి, భూతద్దం పెట్టి, "డైమండే. దేవత తల అరిగిపోయింది. అచ్చ వెండి, తీసుకో" అన్నాడు.

నేను ఊరుకోవచ్చుగా! గొట్టం లాక్కుని చూశాను.

"ఏమయ్యా, కళ్లు నెత్తికెక్కాయా? చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి డైమండంటావేంటి! ఇది పూత!"

అందరూ పగలబడి నవ్వారు. "పోయినసారి సూదిపెట్టెని కూడా ఇట్టాగే అచ్చ వెండన్నావు కదూ, పెద్దాయనా?" అన్నాడు ఫెర్నాన్.

ఆంతీమ్ నవ్వలేదు. "ఓరగా పట్టుకున్నానా?" అని నన్నే అడిగాడు, మెల్లిగా. అప్పుడు అర్థమైంది. నా నాలుక తెగిపడితే బాగుండుననిపించింది.

ఆ తర్వాత ఒక్కడూ ఆయన ముందు ఆగలేదు. మూడో శనివారం నా కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"నన్ను నాలుగు తిట్టు, పడతాను. కానీ నా మాట విను. నేను చూసి చెవిలో చెబుతా, నువ్వు పైకి చెప్పు. ఎవడికి తెలుస్తుంది?"

"చదివేది నువ్వైతే, ఇక్కడ నేనెందుకే లూసెట్?"

"పోనీ, ఆ రోజు నేనే తప్పు చూశానని చెప్పేస్తా."

"తప్పు చూళ్లేదుగా నువ్వు."

నెలాఖరుకు కొట్టు ఖాళీ చేశాడు. వాళ్లావిడ పోయాక ఆయనకు ఈ సంత తప్ప ఇంకో లోకం లేదు. ఇప్పుడెక్కడున్నాడో ఎవరినడిగినా చెప్పలేకపోతున్నారు.

ఫెర్నాన్, మిగతావాళ్లూ ఇప్పుడు వెండి సామాను నా దగ్గరికే తెస్తున్నారు. చదివి చెబుతున్నాను.