ముఖలింగం దారిలో ఇద్దరు పాలస్తీనావాళ్ళు

విజయనగరంలో ఉదయం ఏడింటికి ప్యాసింజరు ఎక్కేసరికే మా బృందంలో యుద్ధం మొదలైంది. బృందమంటే నేను, యూసుఫ్, సమీర్. విశాఖలో మా తమ్ముడి మేడగదిలో రెండేళ్ళుగా అద్దెకుంటూ ఇంజనీరింగు చదువుతున్న పాలస్తీనా కుర్రాళ్ళు వాళ్ళు. శ్రీముఖలింగం శిల్పాలు చూపిస్తానని నేనే రప్పించాను. ప్లాట్‌ఫారం మీద టీ పోసినవాడు "ఏ దేశం బాబూ?" అనడమే పాపం.

"అరబ్బులం," అన్నాడు యూసుఫ్.

"పాలస్తీనా," అన్నాడు సమీర్.

టీ చల్లారింది గానీ వాళ్ళు చల్లారలేదు.

పెట్టెలో జిల్లా జనాభాలో సగముంది; మిగతా సగం సామాన్ల బల్ల మీదుంది. నా ఒళ్ళో ఎవరిదో కోళ్ళ బుట్ట. పోట్లాటకి వాళ్ళకొచ్చిన తెలుగు చాలదు గనక, నాకు అర్థం కావాలని ఇద్దరూ ఇంగ్లీషులోనే పోట్లాడుకున్నారు, అంత మర్యాదస్తులు.

"అరబ్బు దేశాలన్నీ ఒకటైతేనే మనకి ఇల్లు," అన్నాడు యూసుఫ్. వాళ్ళ నాన్న కువైట్‌లో బడిపంతులు.

"నిరుడు, అరవై ఏడు యుద్ధంలో చూశాంగా, వారం తిరక్కుండా చేతులెత్తేశారు. మన పని మనమే చేసుకోవాలి," అన్నాడు సమీర్. అతను అమ్మాన్ దగ్గర శరణార్థుల శిబిరంలో పెరిగాడు.

"డేరాలో కూర్చుంటే లోకం అలాగే కనిపిస్తుంది."

నెల్లిమర్ల జూట్ మిల్లు కూతకన్నా గట్టిగా వినిపించిందా మాట. సమీర్ లేచి సంచీ భుజాన వేసుకున్నాడు. వచ్చే స్టేషన్లో దిగిపోతాడట, సాయంత్రానికి గది ఖాళీ చేస్తాడట. రెండేళ్ళు ఒక్క కంచంలో తిన్నవాళ్ళు. నాకు శిల్పాల మీద ఆశ పోయింది.

చీపురుపల్లిలో అతను దిగబోయాడు. కానీ గుమ్మంలో ఏనుగంత మూటతో ఒక ముసలమ్మ ఎక్కుతోంది. ఆ మూటతోనే అతన్ని వెనక్కి నెట్టుకొచ్చి, సీట్లో కూలేసి, ఇద్దరి మధ్యా కూర్చుంది. బండి కదిలింది. ఆవిడ చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. అరబ్బు ఐక్యత కోసం ఏళ్ళుగా జరుగుతున్న ప్రయత్నం ఆ క్షణాన ఫలించింది: ఇద్దరూ ఒకేలా నోళ్ళు తెరిచారు.

"ఏ ఊరు బాబూ?"

"పాలస్తీనా అమ్మా," అన్నాను నేను.

"అది దేశం గావాల. ఊరేటి?"

యూసుఫ్ కువైట్ అన్నాడు. సమీర్ అమ్మాన్ అన్నాడు.

"అవి పొట్ట పోసుకున్న ఊళ్ళు. నాను బర్మాలో, రంగం పట్నంలో పుట్టినాను. ఆ బర్మావోళ్ళు మన తెలుగోళ్ళని కొరంగీలనేవోరు. తరిమేస్తే ఇక్కడికొచ్చినాం, ఈళ్ళు రంగపోళ్ళంటారు. ఎవులేటన్నా మా తాతది నరసన్నపేట పక్కూరే గదా. మీ తాతలదే ఊరో సెప్పండి."

సమీర్ చెప్పాడు. యూసుఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత చెప్పాడు, తమ ఊరి పేరెత్తితే అమ్మ ఏడుస్తుందని వాళ్ళ నాన్న ఇంట్లో ఎవర్నీ పలకనివ్వడట. బయటా పలక్కపోవడం అలవాటైందట. కానీ నోట్లో నిప్పు పెట్టుకున్న మనిషి మూడోసారి అడిగితే ఎవరు చెప్పరు? నెమ్మదిగా ఒక పేరు చెప్పాడు.

సమీర్ సంచీ కింద పెట్టాడు. "మా నానమ్మ పుట్టిల్లు ఆ ఊరే, మాకు రెండు మైళ్ళు. ఎప్పుడడిగినా హైఫా పట్నం వైపు అని దాటేసేవాడివి."

"అయితే ఈయన నీకు బావే గదా," అంది ముసలమ్మ. "బావలన్నాక తిట్టుకోవాల. దిగిపోడమేటి, సిగ్గునేదూ?"

యూసుఫ్ తలవంచుకుని "డేరా మాట తప్పు," అన్నాడు. ముసలమ్మ మూటలోంచి జంతికలు తీసి ఇద్దరికీ పెట్టింది. దేశాలు చేయలేని సంధి ఆమదాలవలసలో ఆవిడ దిగేలోపు అయిపోయింది.

మాలాగా వెళ్ళదలచినవారు తిలారులో దిగి బస్సెక్కండి. ఆ గతుకులకు నా ఎముకలు కొన్ని చోట్లు మారాయి. వంశధారలో ముగ్గురం మునిగాం. శిల్పాలు చూసినంతసేపూ వాళ్ళు శరణార్థుల గురించి, రాజుల గురించి, తుపాకుల గురించి వాదించుకుంటూనే ఉన్నారు; మాట చివర "బావా" చేరింది, అంతే. సమీర్ ఒకచోట "నీకు బుర్ర లేదు బావా" అని అచ్చ తెలుగులో అంటే పూజారి వెనక్కి తిరిగి చూశాడు.

సాయంత్రం బండిలో ఎదురు సీటు రైతు అడిగాడు. "ఏ ఊరు బాబూ?"

నేను నోరు తెరిచేలోపు యూసుఫ్ ఆ ఊరి పేరు చెప్పాడు, పెట్టెంతా వినిపించేలా. తర్వాత సమీర్ వైపు చూపించి, "వీళ్ళది పక్కూరు," అన్నాడు.